పెద్దక్షరము – చిన్నక్షరము: గ్రామపట్టికలలో ఒక చిక్కు

తెలుగు లిపియందు పెద్దక్షరము, చిన్నక్షరము అను భేదము లేదు. 1882లో బర్జెస్ పరిశోధించిన జగ్గయ్యపేట స్తూపమున లభించిన, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరపు ప్రాకృత శాసనముల బ్రాహ్మీ లిపియందును లేదు. అది రోమను లిపి లక్షణము. అయినను గ్రామనామములను, జానపద గేయములను డేటాబేసులలో భద్రపరచు నేటి పరిశోధకుడు ఈ భేదము నుపేక్షించినచో, అడిగినది యొకటి, లభించునది వేరొకటి కాగలదు. అదెట్లో ఈ వ్యాసమున వివరింతుము.

పూర్వపు కృష్ణాజిల్లా మెట్టభాగమై, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల కొక గ్రామపట్టికను నిర్మించుచున్నామనుకొందము. అందొక నిలువు వరుస ఊరి పాత పేరునకు, మరియొకటి అచ్చటి కలుపు పాటకు. జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేర దానికి నేటి నామము నిడెను. ఈ వరుసలకు 'పాత', 'పాట' అని రోమను లిపిలో పేర్లుంచితిమనుకొనుడు. తెలుగును రోమను లిపిలో వ్రాయు ఆర్.టి.ఎస్. పద్ధతియందు తకారమునకు చిన్న 'టి', టకారమునకు పెద్ద 'టి' గుర్తులు. కావున ఆ రెండు పేర్లకును గల భేదము ఒక్క అక్షరపు పరిమాణము మాత్రమే.

ఎస్‌క్యూఎల్ భాషా ప్రమాణము ననుసరించి, ఉద్ధరణ చిహ్నములు లేని నామము పెద్దక్షరములకు మారవలెను. ఒరాకిల్ అట్లే చేయును. పోస్ట్‌గ్రెస్ చిన్నక్షరములకు మార్చును. రెంటను మన రెండు పేర్లు నొక్కటియై పట్టిక నిర్మాణము తిరస్కరింపబడును. పేర్లను జంట ఉద్ధరణ చిహ్నముల నడుమ నుంచినచో వేర్వేరుగ నిలుచును. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్‌లలో నిలువు వరుసల విషయమున నీ యుపాయము పనికిరాదు. చిహ్నములున్నను పేర్లు రెండు నొక్కటిగనే యెన్నబడును. మైఎస్‌క్యూఎల్‌నందు పట్టికల పేర్లు మాత్రము సామాన్యముగ లినక్సుపై ఈ భేదమును పాటించును, విండోసుపై పాటింపవు. కావున నొకచోట నడచిన ప్రశ్న వేరొకచోట విఫలము కావచ్చును. ఎస్‌క్యూఎల్ సర్వరునందు దీనిని నిర్ణయించునది, డేటాబేసునకు మన మెన్నుకొను కొలేషను, అనగా అక్షరముల పోలికను, క్రమమును శాసించు నియమము.

తిరస్కరణము మేలే, దోషము వెంటనే తెలియును. మౌనముగ జరుగు పొరపాటే ప్రమాదకరము. పోస్ట్‌గ్రెస్‌లో పట్టికను చిహ్నములతో నిర్మించి, పిదప పాటలకై చిహ్నములు లేకయే ప్రశ్నించితిమనుకొందము. పెద్ద 'టి' చిన్నదై, 'పాట' కాస్త 'పాత' యగును. జగ్గయ్యపేట కలుపు పాట నడిగిన 'బేతవోలు' అని సమాధానము వచ్చును. దోషసూచన యేదియు నుండదు. ఒరాకిల్ అయినచో అట్టి వరుస లేదని హెచ్చరించును. ఒక్క యూరిని చూచినపుడు పొరపాటు కంటబడును. కాని ఎన్ని యూళ్ల పాటలు లభించినవని లెక్క యడిగినచో, పాత పేర్ల లెక్క వచ్చి పరిశోధన వ్యాసమున నిజముగ నిలిచిపోవును.

తెలుగు లిపిలోనే పేర్లుంచినచో నీ చిక్కు లేదు. పోస్ట్‌గ్రెస్ దాని నంగీకరించును. కాని అచ్చట నామమునకు 63 బైట్లే పరిమితి. యూటీఎఫ్-8లో తెలుగు వర్ణమునకు, గుణింతపు గుర్తునకు కూడ మూడేసి బైట్లు గావున 21 గుర్తులకు మించినది కత్తిరింపబడును.

కావున రోమను లిపిలో పేర్లుంచువారు అన్నియు చిన్నక్షరములతోనే వ్రాసి, భేదమును అక్షరమున గాక పదమున చూపుట మేలని మా యభిప్రాయము. 'పాత', 'పాట' లకు మారుగ 'పూర్వనామము', 'గేయము' అన్నచో నే డేటాబేసునందైనను పొరపాటునకు తావుండదు. వరుసలలోపలి తెలుగు సమాచారమున కీ మార్పులతో సంబంధము లేదు; బేతవోలు బేతవోలుగనే యుండును. దానిని చేరు దారికి పెట్టిన పేరు విషయముననే మనము జాగరూకులమై యుండవలెను.