రాత్రి భోజనానంతరం ఊనో ఆట – ఎంతసేపు హితకరం?

“పది నిమిషాల ఆటే గదండీ!” అనే మాట ఈమధ్య నా వద్దకు వచ్చే తల్లిదండ్రుల నోట తరచుగా వింటున్నాను. వారు చెప్పేది ఊనో ఆటను గురించి. కొందరు దీనినే యూనో అంటారు. సెలవులలో నలుగురు పిల్లలు ఒకచోట చేరితే చాలు, ఈ రంగు ముక్కల పెట్టె బయటికి వస్తున్నది. పేకాట అన్న మాట వింటేనే మొహం చిట్లించుకునే పెద్దలు సైతం దీనిని ఆక్షేపించడం లేదు. ఇందులో రాజు లేడు, రాణి లేదు, డబ్బు ప్రసక్తి అసలే లేదు. నాలుగు రంగులు, పది అంకెలు గుర్తుపట్టగలిగిన పిల్లవాడు నాయనమ్మతో సమానంగా ఆడగలడు. సెల్‌ఫోన్లు పక్కన పెట్టి ఇంటిల్లిపాది ఎదురెదురుగా కూర్చొని నవ్వుకోవడానికి ఇంతకన్న సులభమైన సాధనం నాకు కనబడలేదు. కనుక ఆటపై నాకు ఆక్షేపణ లేదు. నా ఆక్షేపణ అంతా ఆ ‘పది నిమిషాలు’ అనే మాటపైననే.

బడులు తెరచిన కొత్తలో ఒక తల్లి తన పదకొండేళ్ళ కుమారుని వెంటబెట్టుకొని వచ్చింది. పిల్లవానికి ఉదయం లేవగానే తలనొప్పి, కళ్ళమంట, మలబద్ధకం. తరగతిలో కునికిపాట్లు పడుతున్నాడని ఉపాధ్యాయులు చెప్పి పంపారట. కళ్ళు పరీక్ష చేయించారు. చూపులో దోషమేమీ లేదన్నారు. “నులిపురుగులేమోనండీ, ఏదైనా చూర్ణం ఇవ్వండి” అన్నది ఆమె. నాలుక చూచి, కడుపు నొక్కి చూచి, చివరకు దినచర్య అడిగాను. రాత్రి ఎనిమిదిన్నరకు భోజనం, అది కాగానే తాతగారితో సహా అందరూ కూర్చొని ‘ఒక్క ఆట’. మరి పడుకునేది ఎన్ని గంటలకని అడిగితే ఆమె కొంచెం తటపటాయించి, “పదకొండు దాటుతుందండీ, ఒక్కొక్కనాడు ఇంకా ఆలస్యమే” అన్నది. బడి బస్సు ఉదయం ఏడింటికి. పిల్లవానిని ఆరింటికే లేపాలి. ఆరు నుండి పన్నెండేళ్ళ వయస్సు పిల్లలకు రోజుకు 9 మొదలు 12 గంటల నిద్ర కావాలని నేటి వైద్యులు చెబుతున్నారు. ఈ పిల్లవానికి ఏడు గంటలు కూడా దక్కడం లేదు.

ఇక చూర్ణమెందుకు?

పది నిమిషాల ఆట రెండు గంటలకు పైగా ఎట్లా సాగిందో తెలుసుకోవాలంటే పెట్టెలోని ముక్కలను కొంచెం లెక్కపెట్టాలి. ఊనోలో మొత్తం 108 ముక్కలు. మన జపమాలకూ, ఈ ఆటకూ సంబంధమేమీ లేదు గాని, సంఖ్య మాత్రం అదే. ఒక్కొక్క రంగులో సున్న ఒకటి, ఒకటి నుండి తొమ్మిది వరకు రెండేసి, అంటే పందొమ్మిది. నాలుగు రంగులకు కలిపి 76. స్కిప్, రివర్స్, పిల్లలు ‘ప్లస్ టూ’ అని పిలిచే డ్రా టూ ముక్కలు మొత్తం 24. రంగు మార్చే వైల్డ్ ముక్కలు నాలుగు, అందరూ భయపడే ‘ప్లస్ ఫోర్’ ముక్కలు మరో నాలుగు. ప్రతివారికీ ఏడు ముక్కలు పంచి, పై ముక్క రంగుకో అంకెకో సరిపడే ముక్కను వేస్తూ పోవడమే ఆట. చేతిలో ఒకే ముక్క మిగిలినప్పుడు “ఊనో” అని కేక వేయాలి. స్పానిష్, ఇటాలియన్ భాషలలో ఆ మాటకు ‘ఒకటి’ అని అర్థం. మరచిపోయి పట్టుబడితే రెండు ముక్కలు తీసుకోవలసిందే.

నలుగురు ఆడుతున్నారనుకుందాం. స్కిప్పులు, రివర్సుల మాట అటుంచితే, మొదటి ఆటగాడు ప్రతిసారీ ఒక ముక్క వేయగలిగినా అతని చేయి ఖాళీ కావడానికి ఇరవై అయిదు ఎత్తులు పడతాయి. నిజానికి అంత అదృష్టం ఎవరికీ ఉండదు. మధ్య మధ్య కట్టలో నుండి ముక్క తీసుకోక తప్పదు. అందువలన ఎత్తులు యాభై వరకు పెరుగుతాయి. ఎత్తుకు ఎనిమిది సెకండ్ల చొప్పున ఏడు నిమిషాలు. 108 ముక్కలు కలపడానికి, పంచడానికి మరి రెండు మూడు నిమిషాలు. పది నిమిషాలన్న మాట అబద్ధం కాదని తేలింది. అయితే అది ఒక్క చుట్టుకు మాత్రమే.

ఆట నియమాలలో చుట్టు వేరు, ఆట వేరు. చుట్టు గెలిచినవారికి మిగిలినవారి చేతిలోని ముక్కల కౌంటు వస్తుంది. అంకె ముక్కలకు వాటి అంకె, స్కిప్, రివర్స్, డ్రా టూలకు ఇరవై చొప్పున, వైల్డ్ ముక్కలకు యాభై చొప్పున లెక్క. ముందుగా ఎవరికి 500 వస్తే వారు ఆట గెలిచినట్లు. పెట్టెలోని ముక్కలన్నిటి కౌంటు కూడితే 1240 వస్తుంది. అంటే సగటున ముక్కకు పదకొండున్నర. ఒకరు గెలిచేసరికి మిగిలిన ముగ్గురి చేతుల్లో తలకు నాలుగు ముక్కలున్నా చుట్టుకు సుమారు 138 కౌంటు. ఒకరే వరుసగా గెలుస్తూ పోతే నాలుగు చుట్లలో ఆట ముగుస్తుంది. గెలుపు నలుగురికీ సమానంగా పంచబడితే మాత్రం తలకు మూడేసి గెలిచిన తరువాత కూడా ఎవరి వద్దా 414కు మించి ఉండదు. పదమూడవ చుట్టు ఆడవలసిందే. కాబట్టి నలుగురి ఆట నలభై నిమిషాలలో ముగియవచ్చు, రెండు గంటల పది నిమిషాలు పట్టవచ్చు. ఎక్కువ రోజులు ఈ రెండింటికీ నడుమ ఎక్కడో ఆగుతుంది. భోజనం చేసి తొమ్మిదింటికి కూర్చున్న కుటుంబం పదకొండుకు లేవడంలో వింత ఏమున్నది?

దీనికి తోడు ఇంటింటి సొంత నియమాలు. ప్లస్ టూ పైన ప్లస్ టూ వేసి, మొత్తం భారాన్ని పక్కవారి మీదికి నెట్టడం పిల్లలకు మహా సరదా. పాపం, చివరివానికి ఒక్కసారిగా ఆరు, ఎనిమిది ముక్కలు వచ్చి పడతాయి. ఇది నియమం కాదని తయారీ సంస్థ 2019లో బహిరంగంగా చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. సరిపడే ముక్క దొరికేవరకు కట్టలో నుండి తీస్తూనే ఉండాలనే పద్ధతి ఇంకొకటి. అసలు నియమం ప్రకారం ఒక్క ముక్క తీస్తే చాలు. ఏడు పడితే చేతిలో ముక్కలు మార్చుకోవడం వేరొకటి. ముగింపుకు వచ్చినవాడు మళ్ళీ మొదటికి వస్తాడు. అన్నిటికన్న కాలహరణం, ఒకరు గెలిచిన తరువాత కూడా చివరకు ఓడేది ఎవరో తేలేవరకు ఆడించడం. ఇద్దరు మిగిలి ఒకరిమీద ఒకరు స్కిప్పులు వేసుకుంటుంటే ముందే గెలిచిన పసివాడు గోడకు ఆనుకొని ఆవులిస్తుంటాడు. అతనిని పంపి పడుకోబెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

అసలు ఈ ఆట పుట్టుకలోనే నియమాల తగవు ఉన్నది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని రీడింగ్ అనే ఊళ్ళో క్షౌరశాల నడిపే మెర్ల్ రాబిన్స్ అనే ఆయనకూ, ఆయన కుమారునికీ క్రేజీ ఎయిట్స్ అనే పేకాట నియమాల విషయంలో వాదన వచ్చింది. ఆ వాదనలో నుండే 1971లో ఊనో పుట్టింది. కుటుంబమంతా కలసి 8,000 డాలర్లు సమకూర్చుకొని 5,000 పెట్టెలు తయారు చేయించి, మొదట తమ క్షౌరశాలలోనే అమ్ముకున్నారు. 1992 నుండి ఇది మాటెల్ సంస్థ చేతిలో ఉన్నది.

ఇక మన శాస్త్రం వైపు చూద్దాం. చరక సంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయానికి నవేగాంధారణీయమని పేరు. మలమూత్రాలు, తుమ్ము, త్రేన్పు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర మొదలైన పదమూడు వేగాలను బలవంతంగా ఆపరాదని అందులో చెప్పబడింది. ఆ అధ్యాయంలోనే ఆపవలసిన వేగాల జాబితా కూడా ఉన్నది. లోభం, కోపం, ఈర్ష్య, అహంకారం వంటివి అందులోనివి. రాత్రి పదిన్నరకు ఆట ముందు కూర్చున్నవారిని గమనించండి. ఆపకూడని నిద్రను, ఆవులింతను, మూత్రాన్ని ఆపుకుంటారు. ఆపవలసిన ‘ఇంకొక్క చుట్టు’ అనే లోభాన్ని మాత్రం స్వేచ్ఛగా వదులుతారు. ఆ మాట అనేది సాధారణంగా ఓడినవారే!

నేను పైన చెప్పిన ఇంట్లోనే తాతగారి సంగతి మరింత విచారకరం. ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు. మధుమేహం ఉన్నది, ప్రోస్టేట్ గ్రంథి వాపు కూడా ఉన్నది. తన వంతు వచ్చేసరికి లేకపోతే మనుమలు గోల చేస్తారని మూత్రం ఆపుకొని గంటలకొద్దీ కూర్చునేవారు. మనుమని కోసం వచ్చినప్పుడు మాటల సందర్భంలో కోడలు ఈ విషయం చెప్పింది. మూత్రవేగాన్ని ఆపితే పొత్తికడుపులో నొప్పి, మూత్రం కష్టంగా రావడం, తలనొప్పి కలుగుతాయని చరకుడు చెప్పిన లక్షణాలన్నీ ఆయనలో కనబడ్డాయి. ఆయనను ఆ వారంలోనే మూత్రవ్యాధుల నిపుణుని వద్దకు పంపించాను. ఇటువంటివారు ఇంటి చిట్కాలతో కాలయాపన చేయరాదు. ఆయన ఆడటం మానలేదు గాని, ప్రతి చుట్టు తరువాత ముక్కలు కలిపే సమయంలో లేచి వెళ్ళడం ఇంటి నియమమయింది. ఇది వయస్సు మళ్ళినవారందరికీ మంచిది. మోకాళ్ళు పట్టేసేవారికి కూడా ఆ రెండు నిమిషాల నడక ఎంతో హాయినిస్తుంది.

పిల్లవానికి మందు ఏమీ ఇవ్వలేదు. భోజనం ఏడున్నరకు జరిపించి, తొమ్మిదింటికల్లా పడక మీద ఉండేట్లు చూడమన్నాను. పడుకునే ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వుల నూనె మర్దన చేయమన్నాను. రాత్రి మేల్కొనడం వలన శరీరంలో రూక్షత పెరిగి వాతం ప్రకోపిస్తుందని శాస్త్రం చెబుతుంది. మలబద్ధకానికి మూలం అదే. మూడు వారాలకు తలనొప్పి, కళ్ళమంట తగ్గిపోయాయి. మలబద్ధకం పూర్తిగా పోవడానికి మరికొంత కాలం పట్టింది. దానికి రాత్రి జాగరణతో పాటు ఆట మధ్యలో తినే చిరుతిండ్లు కూడా కారణమే. భోజనం చేసి గంట కాకుండానే చిప్సు, మిక్స్చరు నములుతూ కూర్చోవడాన్ని అధ్యశనమంటారు. తిన్నది అరగకముందే మళ్ళీ తినడమన్నమాట. ఆటలో ధ్యాస ముక్కల మీద ఉంటుంది గనుక ఎంత తిన్నదీ తెలియదు. నూనె చేతులతో ముక్కలు కూడా పాడవుతాయి.

ఆట మాన్పించాలని నేను అనను. భోజనం చేసిన వెంటనే పడుకోవడం మంచిది కాదు. ఆయాసం తీరేవరకు సుఖంగా కూర్చొని, పిదప నూరడుగులు నడవాలని సుశ్రుతుడు చెప్పాడు. ఆ కూర్చునే సమయానికి ఊనో చక్కగా సరిపోతుంది. కావలసినది అది ఎక్కడ ఆగాలో ముందుగా నిర్ణయించుకోవడమే. నా సలహా ఏమంటే, బడి రోజులలో 500 కౌంటును 200కు తగ్గించండి. పైన చెప్పిన లెక్క ప్రకారమే రెండు చుట్లలో ముగియవచ్చు. గెలుపు ఎంత సమానంగా పంచబడినా అయిదవ చుట్టులో ఎవరో ఒకరు 200 దాటి తీరతారు. అంటే ఇరవై నుండి యాభై నిమిషాలు. లెక్క రాసే బాధ వద్దనుకునేవారు నాలుగే చుట్లని పెట్టుకొని ఎక్కువ చుట్లు గెలిచినవారిని విజేతగా ప్రకటించవచ్చు. ఏడున్నరకు భోజనం చేసి ఎనిమిదింటికి కూర్చుంటే తొమ్మిదిలోపు లేవవచ్చు. 500 ఆటను శనివారం సాయంత్రానికి అట్టిపెట్టండి. అప్పుడు ప్లస్ టూ మీద ప్లస్ టూ ఎన్ని వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఆటగాళ్ళ సంఖ్య కూడా చూచుకోవాలి. నియమం ప్రకారం పదిమంది వరకు ఆడవచ్చు గాని, పదిమందికి పంచితే 70 ముక్కలు చేతుల్లోకే పోతాయి. ఒక్కొక్కరి వంతు రావడానికి నిమిషం పైన పడుతుంది. ఆ నిమిషంలోనే చిన్నపిల్లలు కునుకు తీస్తారు. బంధువులు ఎక్కువమంది చేరినప్పుడు రెండు జట్లుగా కూర్చొని రెండు పెట్టెలతో ఆడటం మేలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చోవలసిన పని లేదు. అందరూ భోజనాల బల్ల చుట్టూ కూర్చోవచ్చు. నేల మీదనే ఆడాలని పట్టుపట్టేవారు ఆట తరువాత వావిలాకుతో కాపడం పెట్టుకుంటే ఉపశమనం కలుగుతుంది.

ఇంట్లో ఇద్దరే ఉంటే ఆట మరీ త్వరగా తేలుతుంది. అప్పుడు రివర్స్ ముక్క కూడా స్కిప్పు వలెనే పనిచేసి, వేసినవారికే మళ్ళీ వంతు తెచ్చిపెడుతుంది. పొయ్యి మీద పాలు సన్నని సెగన కాగేలోపల అమ్మమ్మ, మనుమరాలు ఒక చుట్టు ముగించి, రెండవ చుట్టుకు ముక్కలు కూడా కలిపి పెట్టుకోవచ్చు.