బీడు ఎండితే గుర్రానికి ఏం పెట్టాలి?

పాలమూరు పల్లెల్లో ఇప్పుడు గుర్రం కనబడేది చాలావరకు పెళ్లి బరాత్‌లోనే. వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలు మొదలైతే దానికి తీరిక ఉండదు. ముఖమల్ గుడ్డ కప్పుకొని, బ్యాండు మోతల మధ్య, పెళ్లికొడుకు బరువు మోస్తూ నడిరోడ్డు మీద గంటల తరబడి నిలబడాలి. మేత దొరకనిదీ ఆ నెలల్లోనే. యాసంగి కోతలు అయిపోతాయి. నాగర్‌కర్నూల్ దారిలోని బిజినేపల్లి చుట్టూ ఎర్ర చెల్కలు, గుట్టల కింది బీళ్లు ఎండకు మాడి నేల బయటపడుతుంది. మిగిలిన నాలుగు పోచలను గొర్రెల మందలు ముందే కొరికేసి ఉంటాయి. గుర్రానికి ఎక్కువ పని పడేదీ, తిండి తక్కువయ్యేదీ ఒక్కసారే అన్నమాట.

ఇవి ఎక్కువ సంఖ్యలో ఉన్న జీవాలేం కావు. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు కలిపి సుమారు 3.4 లక్షలు. 2012తో పోలిస్తే నూటికి 45కు పైగా తగ్గాయి. అదే లెక్కల్లో తెలంగాణ గొర్రెలు 1.9 కోట్లు దాటి దేశంలో మొదటి స్థానంలో నిలిచాయి. అందుకే ఎండాకాలం మేత గురించి ఎవరు సలహా చెప్పినా అది గొర్రెకో, బర్రెకో, ఎద్దుకో సరిపడే సలహా అవుతుంది. గుర్రం ఉన్న మనిషి కూడా ఆ సలహానే పాటిస్తాడు. తంటా మొదలయ్యేది అక్కడే.

ఎద్దు కడుపులో నాలుగు గదులుంటాయి. గబగబా మింగి, తర్వాత తీరిగ్గా నెమరువేసి, ఎంత మొద్దు గడ్డినైనా అరిగించుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు. దాని పొట్ట ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. పీచు పులిసి అరిగే పని వెనక ఉన్న పెద్దపేగులో జరుగుతుంది. పొట్టలో ఆమ్లం మాత్రం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. బయట వదిలిన గుర్రం రోజుకు పద్నాలుగు, పదహారు గంటలు మేస్తూ ఉండటానికి కారణం ఇదే. పొద్దున ఒక మోపు వేసి, మళ్లీ రాత్రికి ఇంకో మోపు వేసే పద్ధతి ఎద్దుకు చెల్లుతుంది కానీ, గుర్రానికి పొట్టలో పుండ్లు తెస్తుంది. ఇంకో ముఖ్యమైన తేడా కూడా ఉంది. గుర్రం వాంతి చేసుకోలేదు. పడనిది ఒకసారి లోపలికి పోతే బయటికి వచ్చే దారి వెనక నుంచే.

ఎంత పెట్టాలన్నదానికి లెక్క కష్టమేం కాదు. శరీర బరువులో నూటికి రెండు వంతుల ఎండు మేత మామూలు కొలత. బరాత్‌లలో కనిపించే నాటు గుర్రం 300 కిలోలుంటే రోజుకు ఆరు కిలోల పైచిలుకు ఎండు మేత కావాలి. పచ్చిగడ్డి అయితే అందులో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి ముప్పై కిలోలు పెట్టినా సమానమే. మే నెల బీడు మీద అంత గడ్డి ఎక్కడిది? గుర్రాన్ని అక్కడ వదిలితే తిరిగి తిరిగి అలసిపోతుంది తప్ప కడుపు నిండదు. పైగా పోచ కోసం నేలను గీకుతుంది, దాంతోపాటు మట్టి, ఇసుక లోపలికి పోతాయి. అవి పెద్దపేగు అడుగున పేరుకుంటే భయంకరమైన కడుపునొప్పి వస్తుంది.

ఇక ఈ నేల మీద ఇప్పుడు ఏం దొరుకుతుందో చూద్దాం. ఒకప్పుడు పాలమూరు అంటే జొన్న. ప్రతి ఇంటి వెనకా చొప్ప కుప్ప ఉండేది. బిజినేపల్లి నుంచి నాగర్‌కర్నూల్ వెళ్లే దారిలో పాలెం దగ్గర వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధనా స్థానం ఉంది. అక్కడ జొన్న, ఆముదం ముఖ్యమైన పంటలు కావడం ఈ మెట్ట నేల తీరును బట్టే. శ్రీశైలం వెనక నీళ్లను ఎత్తిపోసే మహాత్మాగాంధీ కల్వకుర్తి పథకం వచ్చాక నాగర్‌కర్నూల్ వైపు వరి పెరిగింది. దాంతో చొప్ప కుప్పల బదులు వరిగడ్డి కట్టలు వచ్చాయి. ఎద్దుకు ఇది పెద్ద నష్టమేం కాదు. గుర్రానికి మాత్రం నష్టమే. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, ప్రొటీన్ నూటికి మూడు నాలుగు పాళ్లకు మించదు. నీళ్లు సరిగ్గా తాగని గుర్రం అచ్చంగా వరిగడ్డి తింటే అది పేగులో గడ్డకట్టి అడ్డం పడుతుంది. యూరియా కలిపి మాగబెట్టిన గడ్డి పశువులకు బలం. పొట్టలో ఆ యూరియాను ప్రొటీన్‌గా మార్చుకునే ఏర్పాటు గుర్రానికి లేదు కాబట్టి దానికి అది పెట్టకూడదు.

ఇక్కడ విరివిగా పండే పల్లీ అక్కరకు వస్తుంది. కాయ కోసుకున్నాక మిగిలే ఎండు తీగలో వరిగడ్డికి రెట్టింపుకు పైగా ప్రొటీన్ ఉంటుంది, గుర్రాలు ఇష్టంగా తింటాయి. కాకపోతే దులిపి వేయాలి. వేళ్లకు అంటుకున్న మట్టి, వానకు తడిసి పట్టిన బూజు రెండూ చేటే. బూజు వాసన వచ్చే కట్టను బర్రెకైనా వేయకూడదు. గుర్రం ముందుకైతే అసలే తేకూడదు. చొప్ప సగం, పల్లీ తీగ కొంత, దొరికితే కొద్దిగా లూసర్న్ కలిపి, చిన్న చిన్న మోపులుగా రోజుకు నాలుగైదు సార్లు వేస్తే ఎండాకాలం చాలావరకు గట్టెక్కుతుంది.

ఈ ప్రాంతంలో గుర్రాలు ఇలా పదుల సంఖ్యలో కాకుండా వేలల్లో ఉన్న రోజులున్నాయి. గద్వాల ఉన్నది కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో, దానికి ఆనుకొని రాయచూరు. అక్కడ శ్రీకృష్ణదేవరాయలు బీజాపూరు సుల్తానుతో తలపడిన యుద్ధం చరిత్రకారుడు రాబర్ట్ స్యూయెల్ లెక్క ప్రకారం 1520 మే 19న జరిగింది. రాయల వైపు 32,600 గుర్రాలు కదిలాయని పోర్చుగీసు వర్తకుడు నునిజ్ రాశాడు. అంకెను కొంత తగ్గించుకుని చదివినా, నడి ఎండాకాలంలో అన్ని నోళ్లకు మేత, నీళ్లు సమకూర్చడం యుద్ధం గెలవడం కంటే తక్కువ పనేం కాదు. తర్వాతి కాలంలో వనపర్తి సంస్థానం ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతో అశ్వికదళాన్ని నిలిపింది. ఆ దళమే నిజాం కొలువుకు చేరింది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటకు పేరు వచ్చింది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచే.

అప్పట్లో వాటికి ఏం పెట్టేవారు? ఉత్తరాదిన గుర్రపు దాణా శనగలు. దక్షిణాదిన ఉలవలు. నానబెట్టి, ఉడకబెట్టి, చల్లార్చి పెట్టేవారు. తెల్లదొరల మద్రాసు అశ్వికదళాలు కూడా ఇదే పద్ధతికి వచ్చాయి. హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యపు రిసాలాల్లో, అంటే గుర్రపు దళాల్లో, గుర్రం సిపాయి సొంతం, మేత ఖర్చూ అతనిదే. చేతి డబ్బు పెట్టి గుర్రాన్ని మేపేవాడు దగ్గర్లో చవకగా దొరికేదే చూసుకుంటాడు. ఆ రిసాలాల వారసుల్లో ఒకటి దక్కన్ హార్స్. 1916 జూలై 14న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలో మర తుపాకుల ఎదుట గుర్రాలను దౌడు తీయించిన దళం అదే. ఇప్పుడది ట్యాంకుల రెజిమెంట్, డీజిల్ తాగుతుంది.

ఉలవలను ఎంచుకోవడంలో తెలివి ఉంది. వానలు వెనకబడ్డా, మిగతా పంట పోయినా, ఆలస్యంగా చల్లినా చేతికొచ్చే గింజ అది. నూరు గ్రాముల్లో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పచ్చి గింజలో ప్రొటీన్ అరుగుదలకు అడ్డుపడే పదార్థాలుంటాయి. ఉడకబెడితే అవి పోతాయి. మన రైతులు దుక్కి ఎద్దులకు ఉలవలు ఉడికించి పెట్టి, ఆ కట్టుతో చారు కాచుకున్నది ఊరికే కాదు. అయితే గుర్రం చిక్కింది కదా అని ఒకేసారి బకెట్ నింపి పెడితే పని చెడుతుంది. పూటకు గింజ దాణా శరీర బరువులో నూటికి అర వంతు దాటకూడదు. అంటే 300 కిలోల గుర్రానికి మహా అయితే కిలోన్నర. అంతకంటే తక్కువ పెట్టి మేత పెంచడమే మేలు. ఉలవలు మేతకు తోడే గాని మేతకు బదులు కావు.

రిసాలాల్లో గుర్రాన్ని సాకే సాయిసుతోపాటు గడ్డి తెచ్చే మనిషి వేరే ఉండేవాడు. అతని పని గడ్డి కోయడం కాదు, తవ్వడం. ఎండాకాలంలో గరిక పైకి కనబడకపోయినా నేలలో దాని తీగ బతికే ఉంటుంది. ఖుర్పీతో వేళ్లతో సహా తవ్వి, మట్టి పోయేదాకా కొట్టి, నీళ్లలో జాడించి తెచ్చేవాడు. ఒళ్లు విరిగే చాకిరీ. ఆ మనిషి జీతం గుర్రం మేత ఖర్చులో ఎంతో అని లెక్క చూసేవారు గాని, అతని పేరు ఏ చరిత్రలోనూ లేదు. ఇప్పటికీ చెరువు కట్ట కింద, బోరు కాలువ పక్కన దొరికే గరికను కడిగి వేయడం పేద గుర్రపు యజమానికి మంచి దారే.

చవకగా దొరికి, చెరుపు చేసేది తవుడు. మిల్లు దగ్గర నుంచి తెచ్చిన తవుడు తడిపి పెడితే గుర్రం లొట్టలేసుకుంటూ తింటుంది, నునుపు తేలుతుంది కూడా. కానీ వరి తవుడులో కాల్షియం కంటే భాస్వరం పదింతలకు పైగా ఎక్కువ. అదే పనిగా పెడితే ఒళ్లు ఆ లోటును ఎముకల్లోంచి లాక్కుంటుంది. మొహం ఎముకలు మెత్తబడి ఉబ్బుతాయి, కుంటుతుంది. ఒకప్పుడు ఐరోపాలో పిండిమరల వాళ్ల గుర్రాలకు ఇది తరచూ రావడంతో దాన్ని మిల్లర్ల జబ్బు అనేవారు. ఇప్పుడు పాడి రైతులు ఇష్టంగా పెంచే సూపర్ నేపియర్ లాంటి గడ్డిలోనూ ఆక్సలేట్లు ఎక్కువ. అవి కాల్షియాన్ని పట్టి ఉంచి ఇదే జబ్బు తేగలవు. ఆస్ట్రేలియాలో బఫెల్, సెటేరియా గడ్డి మేసిన గుర్రాలకు జరిగింది అదే. ఆ గడ్డి తప్పనిసరైతే ఎండు మేత కలపాలి, పశువుల డాక్టరును అడిగి కాల్షియం చేర్చాలి.

పాలమూరు చేలల్లో ప్రమాదాలు ఇంకా ఉన్నాయి. నీళ్లు చాలక గిడసబారిన పచ్చి జొన్నలో, కోశాక మోళ్ల నుంచి వచ్చిన పిలకల్లో సైనైడ్ విషం ఉంటుంది. దాన్ని మేసి పశువులు చనిపోవడం రైతులకు తెలిసిందే. గుర్రాలు పచ్చి జొన్న మీద వారాల తరబడి మేస్తే మూత్రకోశం వాచి, వెనక కాళ్లు తడబడతాయి. బాగా ఎండిన చొప్పతో అంత భయం లేదు. ఆముదం సంగతి మరీ జాగ్రత్త. గింజల్లో, పిండిలో ఉండే రిసిన్‌కు పశువులన్నిటిలోకీ గుర్రం ఎక్కువగా లొంగుతుంది. ఆముదం బస్తా కట్టిన చోట దాణా బస్తా ఉంచకూడదు. మేత లేదని సుబాబుల్ కొమ్మలు వేస్తే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. కోళ్ల దాణా కూడా పెట్టరాదు. అందులో కలిపే మోనెన్సిన్ మందు గుర్రం గుండెను దెబ్బతీస్తుంది.

ఇన్ని చెప్పాక నీళ్ల మాట చిన్నదిగా కనబడుతుంది గాని, ఎండాకాలపు కడుపునొప్పికి చాలాసార్లు అదే కారణం. మామూలు రోజుల్లో పాతిక లీటర్లు తాగే గుర్రం ఎండలో, చెమట పట్టే పనిలో రెట్టింపు తాగుతుంది. ఎండు మేత తింటే ఇంకా ఎక్కువ కావాలి. గుర్రం చెమటలో ఉప్పు మనకంటే ఎక్కువగా పోతుంది. అందుకే దాణాలో రోజుకు 30 గ్రాముల ఉప్పు, బరాత్ ఉన్న రోజుల్లో దానికి రెట్టింపు కలపాలి. తొట్టి నీడన ఉండాలి. బాగా వేడెక్కిన నీళ్లను గుర్రం అంతగా ఇష్టపడదు.

గుర్రం చిక్కుతోందో లేదో కళ్లతో తేల్చడం కష్టం, ముఖమల్ గుడ్డ కప్పి ఉంటే మరీ. చేత్తో పక్కటెముకలు తడిమి చూడాలి. తేలిగ్గా తగిలి, పైకి కనబడకపోతే ఒళ్లు సరిగ్గా ఉన్నట్లు. 1983లో అమెరికాలో హెన్నెకే తయారుచేసిన తొమ్మిది మెట్ల కొలత దీన్నే అంకెల్లో పెట్టింది. లద్దె కూడా చాలా చెబుతుంది. పిడికెడు లద్దెను సీసాలో వేసి నీళ్లు పోసి కలిపి కాసేపు ఉంచితే ఇసుక అడుగుకు దిగుతుంది. ఎక్కువ దిగితే నేల మీద మేత వేయడం మానేసి తొట్టిలోనో, గోనెపట్టా మీదనో వేయాలి.

జూన్‌లో తొలకరి పడి బీడు పచ్చబడగానే యజమానికి ప్రాణం లేచివస్తుంది, గుర్రాన్ని వదిలేయాలనిపిస్తుంది. వదలకూడదు. నెలల తరబడి చొప్పకు అలవాటుపడిన పేగుకు లేత గడ్డి హఠాత్తుగా వస్తే కడుపు ఉబ్బుతుంది, గిట్టలు వాస్తాయి. మొదట రోజుకు అరగంట మేపి, చొప్ప పెట్టడం ఆపకుండా, వారం పది రోజుల మీద నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి.