సూర్యుడు మరలే వేళ: ఇంగువ, గోరింట, మునగ

ప్రతి సంవత్సరం జూన్ 21వ తేదీ ప్రాంతంలో మనకు పగలు మిక్కిలి దీర్ఘంగా ఉంటుంది. ఉత్తరదిశకు సాగగలిగినంత సాగిన సూర్యుడు ఆ దినం నుండి దక్షిణానికి మరలుతాడు. పంచాంగం ప్రకారం మాత్రం దక్షిణాయనం కర్కాటక సంక్రాంతితో, అనగా జూలై 16వ తేదీ ప్రాంతంలో ఆరంభమవుతుంది. ఈ తేడా ఏమిటని కొందరు అడుగుతుంటారు. భూమి అక్షం బహు మందగతిన దిశ మారుతూ ఉండడం వల్ల శతాబ్దాల తరబడి కూడిన అంతరమిది. దీనినే అయనాంశ అంటారు. రైతులు పాటించే కార్తెలలో చూస్తే, జూన్ 7, 8 తేదీలలో ప్రవేశించిన మృగశిర సరిగా సూర్యుడు మరలే దినాలలోనే ఆరుద్రకు చోటిస్తుంది. ఏరువాక సాగే రోజులవి.

ఆయుర్వేదం సంవత్సరాన్ని రెండుగా విభజించింది. శిశిర, వసంత, గ్రీష్మ ఋతువులు ఆదానకాలం. సూర్యుడు భూమిలోని చెమ్మను, ప్రాణులలోని బలాన్ని తన కిరణాలతో హరించే కాలం. వర్ష, శరత్, హేమంత ఋతువులు విసర్గకాలం; హరించినది తిరిగి ఇచ్చే కాలం. ఈ రెండు కాలాలు కలిసే చోట, గ్రీష్మాంతంలోను వర్షారంభంలోను, మనిషి బలం అన్నిటికంటె తక్కువగా ఉంటుంది. జఠరాగ్ని మందగిస్తుంది, వాతం ప్రకోపిస్తుంది. ముగిసే ఋతువులో చివరి ఏడు దినాలు, వచ్చే ఋతువులో మొదటి ఏడు దినాలు కలిపి ఋతుసంధి అని, ఆ పక్షంలో పాత అలవాట్లను మెల్లమెల్లగా విడిచి కొత్త వాటిని చేపట్టాలని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. తొలకరికి కొత్త నీరు చేరి, ఊరంతా అజీర్ణం, విరేచనాలు మొదలయ్యే దినాలు కూడా ఇవే కదా!

ఈ మలుపును గుర్తించినవారు మనమొక్కరమే కాదు. స్వీడన్‌లో ఆకులు, పూలు చుట్టిన స్తంభాన్ని నిలిపి దాని చుట్టూ నర్తిస్తారు. కన్నెపిల్లలు ఏడు రకాల పూలు తలగడ కింద ఉంచుకొని నిద్రిస్తారు. ఫిన్లాండ్‌లో సరస్సుల ఒడ్డున మంటలు వేస్తారు. జూన్ 24వ తేదీ సెయింట్ జాన్ పండుగ నాటికి పసుపుపచ్చగా పూచే మొక్కకు సెయింట్ జాన్స్ వర్ట్ అనే పేరు స్థిరపడింది. నలిపితే ఎర్రని రసమిచ్చే ఈ పూలను పూర్వం గుమ్మాలకు కట్టేవారు. ఒక మోస్తరు మనోవ్యాకులతకు ఇది ఉపకరిస్తుందని పరీక్షలలో తేలింది. ఈ సంగతి ఇక్కడ ఎందుకంటే, విదేశాలలోని పిల్లలు తెచ్చిపెట్టే సీసాలలో ఇది మన ఇళ్ళకూ చేరుతున్నది. కాలేయంలో మందులను విరిచే ఎంజైములను ఇది ఉత్తేజపరచడం వల్ల గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, మూత్రపిండం మార్పిడి జరిగినవారు వాడే సైక్లోస్పోరిన్ తమ బలాన్ని కోల్పోతాయి. డిప్రెషన్ మాత్రలతో కలిపితే మరొక రకమైన ప్రమాదం. మూలికే కదా అని వైద్యునికి చెప్పకుండా దీనిని వాడరాదు.

ఇక మన ఆచారాలు. మృగశిర ప్రవేశించిన దినాన తెలంగాణలో ఇంగువను బెల్లంతో కలిపి చిన్న ఉండగా చేసి ఇంటిల్లిపాదీ మింగుతారు. మాంసాహారులు ఆనాడు చేపల కూర తప్పనిసరిగా వండుతారు. ఇంగువ ఉష్ణవీర్యం, దీపనం, వాతహరం. వాతం పెరిగి అగ్ని తగ్గే తరుణానికి ఇంతకంటె తగిన ద్రవ్యం వంటింటిలో మరొకటి లేదని నా అభిప్రాయం. పెసరగింజంత ఇంగువను నేతిలో పొంగించి, దానికి నాలుగింతల బెల్లం చేర్చితే ఒకరికి చాలు. మధుమేహం ఉన్నవారు బెల్లం మాని మజ్జిగలో పుచ్చుకోవచ్చును. గర్భిణులు, కడుపులో పుండ్లు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు దీని జోలికి పోకపోవడం మంచిది. ఏడాది నిండని శిశువులకు లోపలికి ఎంతమాత్రం ఇవ్వరాదు. ఇంగువ పట్టించిన పిదప పసికందు రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితి ఏర్పడినట్లు వైద్యసాహిత్యంలో నమోదై ఉన్నది.

మనం కొనేది చాలవరకు శుద్ధమైన ఇంగువ కాదని గృహిణులు గుర్తించాలి. ఇరాన్, ఆఫ్ఘనిస్థాన్‌ల నుండి దిగుమతి అయ్యే ఘాటైన జిగురుకు మైదా లేక బియ్యప్పిండి, తుమ్మజిగురు కలిపి అమ్ముతారు. గోధుమ పడనివారు డబ్బామీది వివరాలు తప్పక చదువుకోవాలి. మన దేశంలో ఈ మొక్కను పెంచే ప్రయత్నం 2020 అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొదలైంది. ఫలసాయానికి ఏళ్ళు పడుతుంది.

మృగశిరనాడు హైదరాబాదులో ఇచ్చే చేపమందు గురించి కూడా ఒక మాట. నమ్మకాన్ని నేను నొప్పించబోను. కాని ఉబ్బసం ఉన్నవారు దానిని పుచ్చుకున్నామని చెప్పి వైద్యులిచ్చిన ఇన్‌హేలర్‌ను ఒక్కపూట కూడా మానరాదు. వానాకాలంలోనే ఆయాసం పెరుగుతుంది.

ఆషాఢం రాగానే మన ఆడపడుచుల చూపు గోరింట చెట్టుమీదికి మళ్ళుతుంది. కొత్త కోడలు పుట్టింటికి చేరేది ఈ మాసంలోనే. ఈ నెలలో గర్భం ధరిస్తే ప్రసవం చైత్రవైశాఖాల ఎండలలో పడుతుందని ఈ నియమానికి పెద్దలు చెప్పే కారణం. తొలకరికి గోరింట కొత్త చివుళ్ళు వేస్తుంది. సంస్కృతంలో దీనికి మదయంతిక అని పేరు. శీతవీర్యం, పిత్తాన్ని, కఫాన్ని హరిస్తుంది. మూడు నెలల ఎండ శరీరంలో మిగిల్చిన వేడికి అరచేతులు, అరికాళ్ళ ద్వారా చేసే ఉపశమనంగా నేను ఈ ఆచారాన్ని చూస్తాను. అరికాళ్ళ మంటలతో నిద్రపట్టని వృద్ధులకు కూడా ఈ ముద్దను పట్టించి చూడండి. నాట్లలోను, అంట్ల దగ్గర నీళ్ళలోను చేతులు నానే కాలంలో గోరుచుట్టు రాకుండా గోళ్ళకు పెట్టడం పల్లెలలో ఉన్నదే. గోరింటాకు రసం కొన్ని శిలీంధ్రాలను, సూక్ష్మజీవులను నిరోధిస్తుందని ప్రయోగశాలలలో కూడా గమనించారు.

ఆకులో లాసోన్ అనే రంగుపదార్థం నూటికి ఒకటి రెండు పాళ్ళు ఉంటుంది. ఆకును నలిపి, పులుపు తగిలించినప్పుడు అది వెలువడి చర్మంలోని కెరటిన్ అనే మాంసకృత్తును పట్టుకుంటుంది. రోట్లో కాస్త చింతపండు వేసి నూరడంలోని ఆంతర్యమిదే. కడిగిన వెంటనే నారింజ రంగులో ఉన్నది మరునాటికి గాలి సోకి ముదురుతుంది. చర్మంపై పొర రాలేకొద్దీ వన్నె తగ్గిపోతుంది. గోళ్ళమీద మాత్రం గోరు పెరిగి కత్తిరించేవరకు నిలుస్తుంది.

కొన్నేళ్ళ క్రితం ఆషాఢంలో ఒక తల్లి తొమ్మిదేళ్ళ కూతురిని నావద్దకు తీసుకొనివచ్చింది. పాప ముంజేతిమీద లతలు, పూలు ఏ ఆకృతిలో దిద్దారో అదే ఆకృతిలో బొబ్బలు లేచి రసి కారుతున్నాయి.

"మా అమ్మమ్మ నాటినుంచీ పెట్టుకుంటున్నామండీ, ఎన్నడూ ఇలా కాలేదు" అన్నది ఆమె.

"ఆకు నూరి పెట్టారా, తల్లీ?"

"లేదండీ, కోను. గంటలో నల్లగా పండుతుందని చెప్పి ఇచ్చారు."

గోరింటాకు ఎన్నటికీ నల్లగా పండదు. నలుపు కోసం కలిపేది పారా ఫినైలిన్ డయమిన్ అనే రసాయనం, జుట్టుకు వేసే నల్లరంగులో వాడేదే. ఆ బొబ్బలు చర్మవైద్యుని చికిత్సతో మానిపోయాయి. కాని అసలు నష్టం తరువాత ఉన్నది. ఒకసారి ఈ రసాయనాన్ని శత్రువుగా గుర్తించిన శరీరం సాధారణంగా జీవితాంతం మరువదు. ఆ బాలిక నలభయ్యో ఏట తలకు రంగు వేసుకున్ననాడు ముఖం, కళ్ళు వాచి ఆసుపత్రి పాలు కావచ్చును. కొన్ని మత్తుమందులు కూడా ఆమెకు పడకపోవచ్చును. కనుక ఈ సంగతిని ఒక కాగితంమీద వ్రాసి పాప వైద్యపత్రాలలో భద్రపరచమని ఆ తల్లికి చెప్పాను. గంటలోపల నల్లగా పండేది, కిరసనాయిలు వాసన వేసేది, మీద దినుసుల వివరం లేనిది ఏదైనా సరే, ఇంటికి తేవద్దు.

మరొక హెచ్చరిక నెలల పిల్లల విషయంలో. నామకరణానికో, అన్నప్రాశనకో ముచ్చటపడి పసిపాపల పాదాలకు గోరింటాకు పెట్టేవారున్నారు. కొందరి రక్తకణాలలో జి6పిడి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. ఇది మగశిశువులలో అధికం. పలుచని చర్మంగుండా లోపలికి ఇంకిన లాసోన్ అట్టి పిల్లల ఎర్రకణాలను విచ్ఛిన్నం చేస్తుంది. బిడ్డ పాలిపోవడం, కళ్ళు పచ్చబడడం, మూత్రం కాఫీ కషాయంలా రావడం దాని లక్షణాలు. అవి కనిపిస్తే ఇంటివైద్యం చేస్తూ కూర్చోక తక్షణం ఆసుపత్రికి వెళ్ళాలి. ముచ్చట తీరాలంటే పారాణి ఉండనే ఉన్నది, పసుపు, సున్నంతో కాక బియ్యప్పిండిలో ఎర్రమందారం నలిపి పెట్టండి.

మునగాకు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆషాఢశుద్ధ ఏకాదశి నుండి చాతుర్మాస్యంలో మొదటి నెల శాకవ్రతమని, కూరలు మానేవారు ఇప్పటికీ ఉన్నారు. తొలివానలకు నేలనంటి పెరిగే ఆకుకూరలకు బురద, పురుగు పట్టడం మనం చూసేదే. చెట్టుమీది మునగాకుకు ఆ బెడద తక్కువ. వ్రతం పట్టనివారి ఇళ్ళలో ఆషాఢంలో మునగాకు తినాలనే మాట అందుకే నిలిచి ఉంటుందని నా ఊహ. వేడిచేసే గుణం, ఆకలి పుట్టించే గుణం దీనికి ఉన్నాయి. సున్నం, విటమిన్ ఎ నిచ్చే కెరొటీన్ సమృద్ధి. లేత ఆకు రెండు గుప్పిళ్ళు దూసి, కడిగి, పెసరపప్పుతో ఉడికించి, వెల్లుల్లి, ఇంగువ పోపు పెట్టండి. వారానికి రెండుసార్లు చాలు. పైత్యతత్వం కలవారు, మొలలనుండి రక్తం పడేవారు కొద్దిగానే, నెయ్యి ఎక్కువ వేసుకొని తినాలి.