రాకెట్‌కో ఇల్లు... మరి మనకో?

రాకెట్ ఎగిరేటప్పుడు అందరి కళ్ళూ నిప్పు మీదే. అంతదాకా దాన్ని కాపాడిన ఇంటిని ఎవరూ పట్టించుకోరు! సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మధ్యగా వెళ్ళే రోడ్డు చివర, శ్రీహరికోటలో అలాంటి ఇళ్ళు రెండు రకాలున్నాయి.

1993 నుంచి పి.ఎస్.ఎల్.వి.లు ఎగురుతున్న మొదటి వేదిక దగ్గర సుమారు 76 మీటర్ల కట్టడం ఉంది. ఇరవై అంతస్తుల మేడకన్నా ఎక్కువే. ప్రయోగం వేళకి ఆ మేడే పట్టాల మీద వెనక్కి జరిగిపోతుంది! 2005లో వాడకంలోకొచ్చిన రెండో వేదిక తీరు వేరు. అక్కడ మేడ కదలదు. లోపల ముస్తాబైన రాకెట్టే, అత్తారింటికి బయల్దేరిన పెళ్ళికూతురిలా, పట్టాల మీద మెల్లగా వేదిక దగ్గరికి వెళ్తుంది.

ఈ ఎత్తు గొప్ప కోసం కాదండీ. లోపల రాకెట్ నిటారుగా నిలబడాలి. బయట బంగాళాఖాతం, ఉప్పుగాలి, తుఫాన్లు. లోపల ఉండేదెవరు, బయట వీచేదేమిటి అన్న లెక్కలోంచి పుట్టిన ఎత్తది.

నేలబారు భవనానికీ అదే లెక్క. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్.ఎల్.వి.-3కి సారథి అబ్దుల్ కలాం. ఆయనే రాష్ట్రపతిగా 2004 జూలై 14న హైదరాబాదులో సి.ఐ.ఐ. గ్రీన్ బిజినెస్ సెంటర్‌ని ప్రారంభించారు. గీసింది వడోదర ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్. పర్యావరణానికి మేలుచేసే కట్టడాలకిచ్చే 'లీడ్' ప్లాటినం రేటింగు అమెరికా బయట మొదట దక్కింది దీనికే. కిటుకులంటారా? మన అమ్మమ్మలకు తెలిసినవే! మధ్యలో మండువాలాంటి ఆరుబయలు, గాలి ఆడే జాలీ గోడలు, కప్పు మీద మట్టీ మొక్కలూ. వాడిన నీళ్ళు మొక్కల వేళ్ళ మధ్య శుభ్రపడి తిరిగి తోటకే.

మరి మన ఊళ్ళలో? రోడ్డువైపు అద్దాలు, వాటి వెనక ఆగని ఏసీ. వంటింటికి మిగిలిన మూల, పక్కింటి గోడకేసి చూసే చిన్న కిటికీ. పూటపూటా అక్కడ ఉడికేది మనమే. ప్లాను గీసేరోజు వాస్తు అడుగుతారు, అప్పు లెక్క అడుగుతారు. మనల్ని అడిగేదెవరు?

అడిగేవాళ్ళు మనింట్లోంచే రావాలి. ఇంటర్లో లెక్కలు చదువుతూ, బొమ్మలు గీసే అమ్మాయి ఉంటే ఆర్కిటెక్చర్ మాట ఎత్తండి. బి.ఆర్క్. అయిదేళ్ళ చదువు. 'నాటా' లేదా జె.ఇ.ఇ.లో ఆర్కిటెక్చర్ పేపరు రాయాలి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008 నుంచీ ఉంది. మేస్త్రీల మధ్య ఆడపిల్ల ఏం నెగ్గుకొస్తుందంటారా? చెన్నైలో షీలా శ్రీప్రకాశ్ 1979లోనే సొంత సంస్థ పెట్టారు. అయినా, ఇంట్లో మేస్త్రీతో వాదించి పని చేయించుకునేది ఎవరండీ?

ఈలోగా మీరే ఇల్లు మొదలుపెడుతుంటే, ఓ మధ్యాహ్నం ఆ ఖాళీ స్థలంలో కాసేపు నిలబడండి. ఎండ ఎటు, గాలి ఎటు చూసుకోండి. వంటింటికి ఎదురెదురుగా రెండు కిటికీలు అడగండి. ప్లాను కాగితం మీద ఉన్నప్పుడే సుమా!