కొనేది సున్నమా, రాయా?
విడిభాగాల పరిశ్రమ కొత్త లెక్కలు: పిడుగురాళ్ల వ్యాపారులు గమనించవలసిన సంగతులు

పిడుగురాళ్ల: బోల్టులు, బేరింగులు, వాల్వులు, షాఫ్టుల వంటి ఖచ్చితమైన కొలతల విడిభాగాలు తయారుచేసే పరిశ్రమలకూ, పల్నాటి సున్నం బట్టీలకూ సంబంధం ఏమిటని పైకి అనిపించవచ్చు. నిజానికి సంబంధం దగ్గరిదే. ఆ విడిభాగాలకు వాడే ఉక్కు నుంచి గంధకాన్ని, భాస్వరాన్ని తొలగించేది సున్నం. తీగను ఆమ్లంలో కడిగిన తరువాత సాగదీసే ముందు దానికి పట్టించేది సున్నం. జింకు, నికెల్, క్రోమియం పూతలు వేసిన తరువాత మిగిలే ఆమ్లపు నీటి ఘాటు విరిచేదీ సున్నమే.

ఈ పరిశ్రమలపై కాలుష్యం తగ్గించాలనే ఒత్తిడి ఏటేటా పెరుగుతున్నది. ఆ ఒత్తిడి అంచెలంచెలుగా సున్నం బజారుకు చేరక తప్పదు. అది ఇక్కడి వ్యాపారానికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అనేది సరకు నాణ్యతను బట్టి, సరకును అమ్మే పద్ధతిని బట్టి ఉంటుంది.

మురుగునీటిలో సున్నం పని

పూత పనిచేసే కర్మాగారాల నుంచి వచ్చే నీటిలో ఆమ్లంతోపాటు కరిగిన లోహాలు ఉంటాయి. సున్నం కలిపి నీటి పి.హెచ్.ను 8.5 నుంచి 10 దాకా పెంచితే క్రోమియం, జింకు, నికెల్ బురదగా విడిపడి అడుగుకు చేరతాయి. క్రోమియంలో ఎక్కువ విషపూరితమైన రకాన్ని మాత్రం ముందు వేరే రసాయనంతో మార్చుకోవాలి. ఆ తరువాతనే సున్నం పనిచేస్తుంది.

చిక్కు ఆ బురదతోనే వస్తున్నది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం దానిని ఊరి బయట పారబోయడానికి వీలులేదు. దుండిగల్, పరవాడల వంటి చోట్ల ఉన్న శుద్ధి కేంద్రాలకు పంపాలి. పంపే ఖర్చు బరువును బట్టి పెరుగుతుంది. కనుక సున్నంతో పాటు వచ్చే ప్రతి కిలో పచ్చిరాయికి కర్మాగారం రెండుసార్లు సొమ్ము చెల్లిస్తున్నది: ఒకసారి కొన్నప్పుడు, మరొకసారి పారవేసేటప్పుడు.

లెక్క ఇలా ఉంటుంది. ఒక కర్మాగారానికి 100 కిలోల పనిచేసే సున్నం అవసరమనుకుందాం. 90 శాతం సరకు అయితే 111 కిలోలు చాలు. అందులో పనికిరానిది 11 కిలోలు. 70 శాతం సరకు అయితే 143 కిలోలు వేయాలి. పనికిరానిది 43 కిలోలు, అంటే దాదాపు నాలుగు రెట్లు. దానికి నీరు కూడా పట్టి బురద బరువు ఇంకా పెరుగుతుంది. ఆమ్లం బలంగా ఉన్నప్పుడు పచ్చిరాయి కొంత పనిచేసే మాట నిజమే గాని, లోహాలు విడిపడే స్థాయికి నీటిని తేవడం దానివల్ల కాదు.

ఈ తలనొప్పి భరించలేని కర్మాగారాలకు మరో దారి ఉంది. కాస్టిక్ సోడా ధర ఎక్కువైనా బురద తక్కువ. సున్నానికి అసలు పోటీ పక్క ఊరి బట్టీ నుంచి కాదు, కాస్టిక్ సోడా పీపా నుంచి అని గ్రహించాలి.

బట్టీలో పోయే సొమ్ము

శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం వస్తుంది. మిగతా 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తాయి. టన్ను సున్నానికి రాయి నుంచే 785 కిలోల వాయువు వెలువడుతుందన్నమాట. ఇది రాయి స్వభావం. ఎంత మంచి బట్టీ అయినా దీనిని తగ్గించలేదు. తగ్గించగలిగింది బొగ్గు భాగాన్ని మాత్రమే.

టన్ను సున్నం తయారీకి సిద్ధాంతరీత్యా కావలసిన వేడి సుమారు 7.6 లక్షల కిలోకేలరీలు. కిలోకు 4,500 కిలోకేలరీలు ఇచ్చే బొగ్గు అయితే 170 కిలోలు సరిపోవాలి. ఆపైన వాడినదంతా గోడల గుండా, పొగగొట్టం గుండా, వేడి తగ్గకుండానే కిందికి దించిన సున్నం ద్వారా పోయినట్లే. టన్నుకు 50 కిలోల బొగ్గు ఆదా అయితే సుమారు 90 కిలోల వాయువు తగ్గుతుంది. బొగ్గు ఖర్చూ తగ్గుతుంది. రాయీ బొగ్గూ కలిపి పోసే బట్టీలలో బూడిద సున్నంలోనే కలుస్తుంది గనుక, బొగ్గు తగ్గితే సరకు శుద్ధి కూడా పెరుగుతుంది.

ఉక్కు కర్మాగారాలలో వాడే జంట గొట్టాల బట్టీలు కిలో సున్నానికి 850–900 కిలోకేలరీలతోనే పని పూర్తిచేస్తాయి. అంత పెట్టుబడి చిన్న యజమానికి సాధ్యం కాదు. అయినా ఖర్చులేని పనులు కొన్ని ఉన్నాయి. రాయిని ఒకే సైజుకు కొట్టించి జల్లెడ పట్టడం వాటిలో మొదటిది. పెద్దరాయి, చిన్నరాయి కలిపి పోస్తే చిన్నది మాడిపోతుంది, పెద్దదాని నడిబొడ్డు పచ్చిగా మిగిలిపోతుంది. మాడిన సున్నం నీటిలో ఆలస్యంగా కరుగుతుంది, పచ్చిది కరగనే కరగదు. గంటల ప్రకారం కొలతగా సరకు దించడం రెండవది. పొగ నల్లగా వస్తుంటే గాలి చాలడం లేదని తెలుసుకొని సరిచేయడం మూడవది. నల్లపొగ అంటే పూర్తిగా కాలని బొగ్గు. ఊరివారు పీల్చే ఆ పొగ యజమాని డబ్బే.

ఇంధనం, రాయి

పెట్‌కోక్ విషయంలో జాగ్రత్త అవసరం. దిగుమతి పెట్‌కోక్‌ను ఇంధనంగా వాడరాదని కేంద్రం 2018లో నిషేధించినప్పుడు సిమెంటు, సున్నం బట్టీల వంటి కొన్నిటికి మినహాయింపు ఇచ్చింది. సున్నం గంధకాన్ని పీల్చుకుంటుందనేదే అందులో ముఖ్య కారణం. గాలికి అది మేలే. కాని పీల్చుకున్న గంధకం సరకులోనే ఉండిపోతుంది. మురుగునీటి శుద్ధికి ఫరవాలేదు గాని, గంధకం తీయడానికే సున్నం కొనే ఉక్కు కర్మాగారం దానిని తీసుకోదు.

రాయిలోని సిలికా మరొక అడ్డంకి. ఉక్కు కొలిమిలో ఒక కిలో సిలికా చేరితే దానిని అదుపు చేయడానికి సుమారు 3 కిలోల సున్నం ఖర్చవుతుంది. విశాఖ ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేసుకు కృష్ణానదికి ఆవలనున్న జగ్గయ్యపేట రాయి వాడుతూనే, ఉక్కు తయారీకి కావలసిన రాయిని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుంచి ఓడల్లో తెప్పించుకుంటూ వచ్చింది. కనుక క్వారీలోనే రాయిని ఏరి, రకాలుగా విడదీసి కాల్చినవారికే మేలైన ధర అడిగే హక్కు ఉంటుంది.

బేరం ఎలా ఉండాలి

90 శాతం సరకు టన్ను 100 రూపాయలని ఊరికే లెక్కకు అనుకుంటే, 70 శాతం సరకు విలువ 78 రూపాయలకు మించదు. లారీ కిరాయి మాత్రం రెంటికీ ఒక్కటే. బురద ఖర్చు దీనికి అదనం. ఈ తేడా చీటీలో కనిపించకపోతే బాగా కాల్చినవాడు నష్టపోతాడు, సరిగా కాల్చనివాడు నిలబడతాడు. చివరకు ఊరి సరకు మొత్తానికి చెడ్డపేరు వస్తుంది.

పరీక్ష కష్టమైనది కాదు. కాలిన సున్నం పంచదార నీటిలో కరుగుతుంది, పచ్చిరాయి కరగదు. కరిగినదానిని ఆమ్లంతో కొలిచి పనిచేసే సున్నం శాతం చెప్పవచ్చు. నమూనా తీసే పద్ధతికి, పరీక్షకు భారత ప్రమాణం ఐ.ఎస్. 1514 ఉంది. రసాయన పరిశ్రమల సరకుకు ఐ.ఎస్. 1540 ఉంది. అప్పటికప్పుడు చూసుకోవాలంటే, నీటిలో తడిపిన తరువాత మిగిలిన గరుకుపై ఆమ్లపు చుక్క వేస్తే చాలు. పొంగితే అది పచ్చిరాయి.

గడ్డ సున్నాన్నీ, తడిపిన పొడి సున్నాన్నీ ఒకే గాటన కట్టరాదు. పొడి సున్నం ఎంత శుద్ధమైనదైనా కాల్షియం ఆక్సైడ్ 75.7 శాతానికి మించదు, తక్కింది నీరు. గడ్డ సున్నం గాలి తగిలితే తేమను పీల్చి పొడి అవుతుంది, క్రమంగా మళ్ళీ రాయిగా మారుతుంది. అందువల్ల లోపల ప్లాస్టిక్ సంచీ ఉన్న బస్తాలు, వర్షాకాలంలో తక్కువ నిల్వలు, బస్తాపై కాల్చిన తేదీ అవసరం.

యూరప్ దేశాల సమాఖ్య ఉక్కుతోపాటు ఉక్కు బోల్టులు, నట్ల దిగుమతులపై కర్బన సుంకం విధానాన్ని 2026 జనవరి 1 నుంచి పూర్తిగా అమలులోకి తెచ్చింది. సున్నం ఆ జాబితాలో లేదు. కాని తమ లెక్కలు చూపవలసి వచ్చిన తయారీదారులు సరఫరాదారుల కాగితాలు కూడా అడగడం సహజం. టన్నుకు ఎంత బొగ్గు వాడుతున్నారో ఈనాటి నుంచి పుస్తకంలో రాసుకునే బట్టీ, శాతం రాసి చీటీ ఇచ్చే వ్యాపారి ఆ రోజుకు సిద్ధంగా ఉంటారు. తూకం ఒక్కటే చూపేవారికి రాతిధరే దక్కుతుంది.