అడవిలో విడిది – వానలో వంట

కళాశాల జీవితమున విహారయాత్రకు ఒక ప్రత్యేక స్థానము కలదు. మన అనకాపల్లి వారికి అందుకు దూరప్రయాణము కూడ అవసరము లేదు. మాడుగుల దాటినచో తూర్పు కనుమలు ఎదురగును. నర్సీపట్నము మీదుగా పోయినచో చింతపల్లి, లంబసింగి. మరొకవైపు పాడేరు, అరకు. కార్తికమాసము మొదలుకొని సంక్రాంతి వరకు విద్యార్థి బృందములు ఈ కొండలకు బయలుదేరుట పరిపాటి. గుడారములు వేసికొని, రాత్రి అచటనే వండుకొని తినుట ఇప్పటి యువకులకు మిక్కిలి ప్రీతికరము.

ఆ కొండలలో ఎలుగుబంట్లు కలవు. తుపానులు వచ్చునదియు ఆ మాసములలోనే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును, అరకు కొండలను ఎట్లు కుదిపినదో మనము మరువలేదు. ఎలుగుబంటి, వాన – ఈ రెండును పొరుగున ఉన్న రాత్రి అన్నము వండుకొనుట ఎట్లు అను ప్రశ్నను గూర్చి ఈ వ్యాసమున వివరింప తలచితిమి. ప్రశ్న చిన్నదే, పొరపాటునకు మూల్యము మాత్రము పెద్దది.

కొన్ని ఏండ్ల క్రిందట మేము ఒక విద్యార్థి బృందముతో కొండప్రాంతమున విడిది చేసితిమి. సాయంత్రము వాన పట్టినది. గాలికి పొయ్యి నిలువలేదు. పిల్లలు బొగ్గుల కుంపటిని గుడారములోనికి చేర్చి, తలుపు గుడ్డను ముడివేసి, దానిపై కూర గిన్నె పెట్టిరి. మేమును వారింపలేదు, వెచ్చగా నున్నదని సంతోషించితిమి. అరగంటలో ఇద్దరికి తలనొప్పి, ఒకరికి వాంతి. ఆ దారిన వచ్చిన అటవీ కాపలాదారు కుంపటిని బయటకు లాగించి, "మాస్టారూ, లోపలుంటే పొగ సంపేస్తాది, ఈ వాసనకి బయటనుంచి ఇంకోటి వస్తాది" అన్నాడు. చదువు చెప్పు మాకు ఆనాడు చదువు చెప్పినవాడు అతడే.

అతడు చెప్పిన మొదటి అపాయము పొగ. నిజమునకు కంటికి కనబడు పొగకంటె కనబడనిదే ప్రమాదకరము. బొగ్గు చాలినంత గాలి లేక కాలునప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె ఈ వాయువును 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. తలనొప్పి, వికారము, మగత – ఇవి తొలి లక్షణములు. మగత వచ్చినవాడు నిద్ర అనుకొని పరుండును; మరల లేవకపోవచ్చును. వానకు తడిసి, నాలుగువైపుల బిగించిన గుడారములో ఈ వాయువు బయటికి పోదు. కుంపటియే కాదు, కిరోసిన్ స్టవ్, గ్యాస్ పొయ్యి కూడ గుడారములో వెలిగింపరాదు.

రెండవ అపాయము ఎలుగుబంటి. మనలో పెద్దవారు చిన్నతనమున వీధిలో ఖలందర్లు ఆడించిన ఎలుగును చూచినవారే. 2009తో ఆ ఆట దేశములో దాదాపు ముగిసినది. ముక్కుతాడు వేసిన ఆ దీనజంతువును చూచి ఎలుగు సాధువని మనలో ఒక భ్రమ నిలిచిపోయినది. అడవిలోని ఎలుగు వేరు. దానికి ముఖ్యాహారము చెదపురుగులు, చీమలు, తేనె, పండ్లు. పై దవడ ముందుపళ్ళు రెండు లేకపోవుటచే ఆ సందునుండి చెదలను పీల్చుకొనును. చూపు, వినికిడి అంతంతమాత్రము. ఘ్రాణశక్తి మాత్రము అమోఘము. మనిషిని తినుటకు రాదు. అకస్మాత్తుగా మనిషి దగ్గరపడినచో బెదరి మీద పడును. 2022 జూన్‌లో శ్రీకాకుళము జిల్లా వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగిలో ఎలుగు దాడికి ఒక రైతు బలియైనాడు. ఆ వెంటనే మరికొందరు గాయపడినారు.

మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మనిషి ఉన్నచోటికి వచ్చుట కూడ కలదు. ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్ జిల్లాలో చండీమాత ఆలయమునకు ఎలుగులు ప్రసాదము కొరకు వచ్చుట ప్రసిద్ధము. అమెరికాలోని గ్లేసియర్ జాతీయవనమున 1967 ఆగస్టులో ఒకే రాత్రి రెండు వేరువేరు విడిదులలో ఇద్దరు యువతులను అచటి గోధుమరంగు ఎలుగులు చంపినవి. ఆ ప్రాంతపు ఎలుగులు మనుషులు పారవేసిన ఎంగిలికి అలవాటు పడినట్టివి. నేడు ఆ దేశమున నిద్రించు చోటు, వండు చోటు, తిండి దాచు చోటు మూడును ఒకదానికొకటి 100 గజముల దూరమున, త్రికోణముగా ఉండవలెనని బోధించుచున్నారు.

ఇచటనే చిక్కు ఉన్నది. ఎలుగు భయము పొయ్యిని దూరముగా పెట్టుమనును. వాన దగ్గరకు తెమ్మనును. మనిషి సహజముగా వాన మాటనే వినును. పైగా వానగాలి హోరులో మన అడుగుల సవ్వడి ఎలుగునకు వినబడదు. దాని అలికిడి మనకు వినబడదు. చీకటిలో నీళ్ళకై వాగునకు పోయినవాడు దానికి ఎదురుపడుటకు అదియే అదను. కనుక మా సిద్ధాంతము ఒకటే: వాన పట్టిన రాత్రి అడవిలో వండరాదు. ఆ నిశ్చయము బయలుదేరుటకు ముందే, మూటలు కట్టునాడే జరుగవలెను.

ఆ మూటలో అటుకులు, వేపిన సెనగలు, వేరుసెనగలు, చపాతీలు, మన ఊరి బెల్లము ఉన్నచో ఒక రాత్రి గడచుటకు పొయ్యితో పనిలేదు. అయితే తీపివాసన ఎలుగునకును ఇష్టమే గనుక బెల్లమును బిగుతు మూతగల డబ్బాలో ఉంచవలెను. ఎండుచేపలు, మాంసము ఇంటివద్దనే తినుట మేలు.

వండక తప్పదన్నచో ప్రొద్దు ఉండగనే ముగింపవలెను. రిజర్వు అడవిలో అనుమతి లేక నిప్పు రాజేయుట 1967 నాటి మన అటవీచట్టము ప్రకారము నేరము. అటవీ అధికారుల అనుమతి ముందుగా పొందవలెను. గుడారములకు నూరు గజముల దూరమున, కొండవాలునకు దిగువన వంట పెట్టుకొనవలెను. రాత్రివేళ చల్లగాలి వాలు వెంట క్రిందికి జారును గనుక వాసన నిద్రించువారి మీదికి రాదు. కర్రలు పాతి, నాలుగువైపుల తెరచియుంచి, ఎత్తుగా టార్పాలిను కట్టవలెను. పిడుగు భయముచే ఒంటరి చెట్టు క్రిందను, వరద భయముచే వాగు ఇసుకలోను పొయ్యి పెట్టరాదు. త్రవ్విన చెదపుట్టలు, పండ్లు రాలిన మేడి, రేగు చెట్లు ఉన్నచోట విడిదియే కూడదు.

మిగిలిన అన్నమును పాతిపెట్టుట వ్యర్థము. పుట్టలను పెకలించు గోళ్ళకు అదెంత పని? చెట్టునకు కట్టుటయు వ్యర్థమే. తేనెపట్టు కొరకు చెట్లెక్కు జంతువది. తిండిని, కడిగిన గిన్నెలను, వంటవేళ కట్టిన బట్టలను బస్సులో గాని జీపులో గాని పెట్టి తాళము వేయవలెను. చెత్తను తిరిగి ఊరికి తేవలెను. నీళ్ళకు ఇద్దరు ముగ్గురు కలిసి, దీపముతో, బిగ్గరగా మాటలాడుచు పోవలెను.

ఎలుగు ఎదురైనచో పరుగెత్తరాదు, చెట్టెక్కరాదు; ఈ రెంటిలోను అదియే మనకంటె నేర్పరి. మెల్లగా వెనుకకు జరుగవలెను. మీదపడినచో బోర్లపరుండి, రెండు చేతులతో మెడను, తలను కాపాడుకొనవలెను. గాయమును 15 నిమిషములు సబ్బునీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి చేర్చి రేబిస్ టీకా వేయింపవలెను.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! అడవి ఎలుగునకు ఇల్లు. మనము ఒక రాత్రి అతిథులము. ఒక పూట అటుకులు తిన్నంత మాత్రమున విహారము చెడిపోదు. ఆనాటి మా బృందము తడిసిన బట్టలతో, చల్లని చపాతీలతో రాత్రి గడపినది. తెల్లవారునప్పటికి వాన వెలిసి, లోయ నిండ మంచు పరచుకొన్నది. ఆ దృశ్యమును చూచుటకు అందరమును మిగిలితిమి. యాత్రకు అనుమతినిచ్చు పెద్దలు ఈ నాలుగు మాటలను ప్రయాణపు పట్టికలో మొదట వ్రాయింతురని మా ఆశ.