పాటకు పట్టా

మా అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ అడిగినప్పుడు పడదు. అందుచేత ఇక్కడ ఏ చదువు మాట ఎత్తినా, తల్లిదండ్రులు ముందు అడిగేది జీతం సంగతే. తప్పు పట్టలేం.

నిరుడు మొదటి సంవత్సరం బి.ఏ. వారికి పోతన పద్యం చెబుతున్నాను. నా గొంతు సంగతి నాకు తెలుసు కనుక, "ఎవరైనా రాగం తీసి చదువుతారా?" అన్నాను. వెనుక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి ఎత్తుకుంది. క్లాసంతా సద్దుమణిగిపోయింది. కళ్యాణదుర్గం వైపు వేరుశనగ రైతు కూతురు. తాతగారి భజన గుంపులో పట్టుబడ్డ పాట. అది మోహన రాగమని నాకు రేడియో పుణ్యాన తెలుసు గాని, ఆమెకు తెలియదు.

గంట కొట్టాక దగ్గరికి వచ్చి, "సార్, బళ్ళో సంగీతం టీచరు కావాలంటే ఏం చదవాల?" అంది.

ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు జవాబు తెలియలేదు. సిగ్గేసి, ఆ వారమంతా వాకబు చేశాను.

సంగీతానికి లోయరు గ్రేడు, హయ్యరు గ్రేడు అని పరీక్షలు ఉన్నాయి. వాటిపైన వేసవిలో 42 రోజుల ఉపాధ్యాయ శిక్షణ, టి.టి.సి. అంటారు. ఇది దగ్గర దారి. కేంద్రీయ విద్యాలయాల వారి 2022 ప్రకటనలో మాత్రం సంగీతోపాధ్యాయులకు ఇంటర్మీడియట్‌తో పాటు సంగీతంలో డిగ్రీ ఉండాలన్నారు. దేశమంతటికీ కలిపి ఖాళీలు 303. మా పిల్లకు చేరువలో ఉన్నది తిరుపతి. దేవస్థానం వారి సంగీత నృత్య కళాశాల అక్కడ 1959 నుంచీ ఉంది. పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలోనూ సంగీత శాఖ ఉంది. ఒక్కమాట: డిప్లొమాలో చేరదలచినవారు అది డిగ్రీతో సమానంగా చెల్లుతుందో లేదో చేరకముందే కనుక్కోవాలి.

వాళ్ళ నాన్నకు ఇదంతా చెప్పాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "పాటకు కూడా డిగ్రీ ఉండాదా, అయ్యవారూ? మా నాయన ఏ పట్టా తీసుకొని పాడినాడు?" అన్నాడు.

అడగవలసిన ప్రశ్నే. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోయిన ద్వారం వెంకటస్వామినాయుడుగారిని వయొలిన్ అధ్యాపకుడిగానే వేసుకున్నారు. మా జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెబుతూనే సంగీతంలో అంతటివారయ్యారు. కాని ఆనాడు ఎదురుగా కూర్చుని వినేవాళ్ళుండేవారు. దేశం నలుమూలల నుంచీ అర్జీలు వచ్చిపడేచోట ముందు చూసేది కాగితమే.

పైగా, పాడడం వేరు, పాడించడం వేరు. కచేరీ చేసేవారు శ్రుతి తమ గొంతుకు పెట్టుకుంటారు. బడిలో నలభైమంది పిల్లల గొంతులకు నప్పే శ్రుతి వెతకాలి. భజనలో వినికిడిగా వచ్చిన పాటను స్వరాలుగా విడదీసి, అపస్వరం ఎక్కడ పడిందో పిల్లవాడికి చూపించాలి. దానికి చదువు కావలసిందే.

ఉద్యోగం ఖాయమని మాత్రం నేననలేదు. అనడానికి నోరు రాలేదు. బోర్లు రెండు ఎండిపోయిన మనిషి ఆయన. ఒక ఏడాది బి.ఏ. వృథా, పెళ్ళీడు పిల్లకు హాస్టలు ఖర్చు. నాలుగు రోజులు ఆలోచిస్తానని వెళ్ళాడు. నెల దాకా జాడ లేదు. ఇక రాడనుకున్నాను. తీరా ఒకనాడు సర్టిఫికెట్ల కోసం కూతుర్ని వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చాడు.

మొన్న ఆషాఢంలో మార్కెట్టు దగ్గర కనిపించాడు.

"అయ్యవారూ, సెలవలకు వచ్చి పిల్ల మా నాయన పాటకు పేరు చెప్పింది. మోహన అంట! బతికినన్నాళ్ళూ ఆ పేరు తెలీకుండానే పాడినాడు మా నాయన" అని నవ్వాడు.

రెండో ఏడు ఫీజు సంగతి అడిగాను. శనక్కాయలు ఇంటికొస్తే కడతానన్నాడు. విత్తడానికి ఇంకా పదును వాన పడలేదట.